హర్డిల్స్ పిల్లను తొందరపెట్టొద్దు

నారాయణఖేడ్ ప్రాంతంలో బడిపిల్లల ఆటల పోటీలు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్లో పిల్లగాడో జనం కంట పడతారు. నాలుగు రోజులు ఊరంతా వారి మాటే. తర్వాత ఆ పేరు వినబడదు. పొలానికి పోయారో, చెరకు కోతకు పోయారో, అత్తారింటికి పోయారో ఎవరూ అడగరు. ఇది ఏటా జరుగుతున్నదే.

క్రితంసారి పోటీలలో అలాంటి పిల్ల ఒకరిని ఈ విలేకరి చూడడం జరిగింది. తండా పిల్ల, పదో తరగతి. ఆ మైదానంలో అసలు హర్డిల్స్ లేవు. వ్యాయామ ఉపాధ్యాయుడు వెదురు కర్రలు రెండు పాతి మధ్యన ఇంకో కర్ర పెట్టి అడ్డాలు తయారు చేశారు. నల్లరేగడి నేల, కాళ్లకు బూట్లు లేవు. మిగతా పిల్లలు ప్రతి అడ్డం ముందు ఆగి, చూసుకుని దూకారు. ఈ పిల్ల మాత్రం ఆగలేదు. అడ్డం అక్కడ లేనట్టే పరుగెత్తింది. చూసినవారు చప్పట్లు కొట్టారు. "ఒలింపిక్స్‌కు పోయే పిల్ల" అని ఒక పెద్దమనిషి మైకులో ప్రకటించారు కూడా.

ఆ పిల్ల పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం ఉంది. పదిహేనేళ్ల పిల్ల పేరు పత్రికలో ఎక్కితే ఆ రోజు సంతోషమే గాని, మరునాటి నుంచి అది నెత్తిన బరువు. ఇప్పుడు ఆమెకు పొగడ్తల కన్నా సరైన అంచనా, సరైన ప్రణాళిక ముఖ్యం. ఈ రెండూ ఎట్లా ఉండాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పోటీ అయిన తర్వాత ఆమె తండ్రి ఒక మాట అడిగారు. "ఉరికితే ఏమొస్తది సారూ? రెండేండ్లయితే పెండ్లి చేసి పంపుడే గదా." కొందరు నవ్వారు. నవ్వవలసిన మాట కాదది. కూలికి పోతే తప్ప పూట గడవని మనిషి అడగదగిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా క్రీడాభివృద్ధి గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా వృథా.

విశాఖ పిల్ల నడిచిన దారి

జవాబు వెదకడానికి దూరం పోనక్కరలేదు. మన తెలుగు పిల్ల జ్యోతి యర్రాజి ఉంది. 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పని చేసింది, ఆసుపత్రిలో ఊడ్చే పని చేసింది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవునూ పరుగునూ చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించారు. 2016లో హైదరాబాదులో ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేష్ వద్ద శిక్షణలో చేరింది. తర్వాత గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్‌లో బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిలియర్ వద్ద సాధన.

ఆడవారి 100 మీటర్ల హర్డిల్స్‌లో భారత రికార్డు అప్పటికి 13.38 సెకన్లు. 2002లో ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ పెట్టిన రికార్డది. ఇరవై ఏళ్లు దానిని ఎవరూ కదిలించలేదు. 2020 జనవరిలో మూడబిద్రిలో విశ్వవిద్యాలయాల పోటీలో జ్యోతి 13.03 పరుగెత్తింది. కాని లెక్కకు రాలేదు. డోపింగు పరీక్ష జరగలేదన్నారు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది. అదీ లెక్కకు రాలేదు. వెనుకగాలి సెకనుకు 2.1 మీటర్లు ఉందన్నారు. నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. ఒక్క పిసరు గాలి ఎక్కువ వీచినందుకు రికార్డు చేజారింది.

వేరొకరైతే మనసు విరిగి కూర్చునేవారు. ఆమె మరుసటి నెలలో సైప్రస్ వెళ్లి మే 10న 13.23తో రికార్డు సాధించింది. మే 22న ఇంగ్లండులో 13.11. మే 26న నెదర్లాండ్స్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడుసార్లు రికార్డు. ఆ ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్ల లోపు పరుగెత్తిన మొదటి భారత మహిళ ఆమే. 2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం, అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం. 2025 మేలో కొరియాలోని గుమిలో వానలో 12.96 పరుగెత్తి ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది.

ఇక్కడ గమనించవలసినది ఆమె వయసు. నాగపురి రమేష్ వద్ద చేరిన నాటికి పదహారు, పదిహేడేళ్లు. మొదటి జాతీయ రికార్డు నాటికి ఇరవై రెండు. ఆసియా స్వర్ణం నాటికి ఇరవై మూడు. అంటే సరైన కోచ్ దొరికిన తర్వాత కూడా ఆరు, ఏడేళ్లు పట్టింది. పదో తరగతిలో గెలిచిన పిల్ల ఇంటర్‌లో పతకం తేలేదని వదిలేసే మనకు ఈ లెక్క తెలియాలి.

అంచనా ఎట్లా వేయాలి

పూత చూసి పంట లెక్కకట్టేవాడు రైతు కాడు. క్రీడలోనూ అంతే. హర్డిల్స్ పందెం చూసేవారికి దూకుడుగా కనిపిస్తుంది గాని నిజానికి అది లెక్క తప్పని అడుగుల పందెం. ఆడవారి 100 మీటర్లలో అడ్డాలు పది. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు. బయలుదేరిన చోటి నుంచి మొదటి అడ్డానికి 13 మీటర్లు. అడ్డానికీ అడ్డానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆఖరి అడ్డం నుంచి గమ్యానికి పదిన్నర. మొదటి అడ్డానికి ఎనిమిది అంగలు, తర్వాత ప్రతి రెండింటి మధ్య మూడే అంగలు. నాలుగో అంగ పడితే దూకే కాలు మారుతుంది, వేగం పోతుంది. అడ్డం పొరపాటున తగిలి పడినా ఆటగాడిని తీసివేయరు, కాని తగిలిన ప్రతిసారీ కాలం పోతుంది.

కాబట్టి ఒక పిల్ల హర్డిల్స్‌కు పనికొస్తుందా అని చూడాలంటే ఎంత ఎత్తు దూకింది అని చూడడం తప్పు. ఎంత తక్కువ ఎగిరింది అని చూడాలి. అడ్డం మీద గాలిలో ఉన్నంతసేపూ వేగం తగ్గుతూనే ఉంటుంది. కాలు నేలకు ఎంత త్వరగా దిగితే అంత మంచిది. అడ్డాలు లేకుండా వంద మీటర్లు ఎంతలో పరుగెత్తుతుంది, అడ్డాలతో ఎంతలో పరుగెత్తుతుంది, ఈ రెండింటి తేడా ఏడాదికేడాది తగ్గుతున్నదా అని చూడాలి. ఇంకా ఎత్తు పెరుగుతున్నదా అన్నది చూడాలి. పొడవు పెరిగే ఏడాదిలో అంగల లెక్క తప్పుతుంది, కాలం పడిపోతుంది. అది ఓటమి కాదు, ఎదుగుదల.

చేతి గడియారంతో తీసిన కాలాన్ని నమ్మి ఊళ్లో చాటింపు వేయడం ఇంకొక పొరపాటు. తుపాకీ మోత విని మనిషి బటన్ నొక్కేసరికి కొంత ఆలస్యమవుతుంది. అందుకే చేతి కాలానికి 0.24 సెకను కలిపి యంత్రపు కాలంతో పోల్చడం ఆనవాయితీ. మన మైదానంలో 15.0 వచ్చిందంటే యంత్రం మీద దాదాపు 15.24 అనుకోవాలి. పైగా మన వెదురు అడ్డాల ఎత్తు ఎంతో, మధ్య దూరం ఎంతో టేపు పెట్టి కొలిచిన దాఖలా లేదు. ఆ కాలం పట్టుకుని హైదరాబాదు వెళ్లిన పిల్ల అక్కడ ఏడో స్థానంలో వస్తే తప్పు ఎవరిది? కొలవకుండా పొగిడిన మనది.

జ్యోతి విషయంలోనూ అంచనా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆమె ఉత్తమ కాలం 12.78. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత కాలం 12.77. సెకనులో నూరో వంతు తేడాతో అది తప్పింది. ప్రపంచ ర్యాంకు మీద చోటు దొరికి, ఆ పందెంలో ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి భారత మహిళ అయింది. అక్కడ 13.16 పరుగెత్తి ఏడో స్థానంలో వచ్చింది. రెండో అవకాశంగా పెట్టిన పందెంలో 13.17తో వెనుదిరిగింది. స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి మసాయి రస్సెల్ కాలం 12.33. జ్యోతి ఉత్తమ కాలానికీ దానికీ తేడా 0.45 సెకను. పది అడ్డాలకు పంచితే ఒక్కో అడ్డం దగ్గర సెకనులో నూరింట నాలుగున్నర వంతులు. కన్ను ఆర్పేలోపు అయిపోయేంత. నేల మీద చూస్తే మూడున్నర మీటర్లు. ఆసియాలో ముందు వరుస, ప్రపంచంలో ఇంకా దూరం ఉన్న వరుస. ఇదీ నిజమైన అంచనా. దీనివల్ల ఆమె ఘనత తగ్గదు. ఎక్కడ ఎంత బాకీ ఉందో తెలుస్తుంది.

నూరో వంతు మనకు కొత్త కాదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉష 55.42 పరుగెత్తి నాలుగో స్థానంలో మిగిలింది. కాంస్యం పొందిన రుమేనియా క్రీడాకారిణి కాలం 55.41. నాటి ఆ బాధ ఇప్పటికీ మన పెద్దలు చెప్పుకుంటారు. నూరో వంతు ఆఖరి అడుగులో పోయేది కాదు. ఏళ్ల తరబడి సాధనలో, ఎంచుకున్న పందేల్లో, తిన్న తిండిలో, పోయిన నిద్రలో ఎక్కడో పోతుంది.

ఎన్ని పందేలు, ఎప్పుడు

ఇక ప్రణాళిక సంగతి. మన దగ్గర బాగా పరుగెత్తే పిల్ల కనబడితే జరిగేది ఇది. ఒకే రోజు వంద, రెండువందలు, హర్డిల్స్, లాంగ్ జంప్, రిలే అన్నింటిలో దింపుతారు. మధ్యాహ్నం ఖోఖో జట్టులో కూడా పెడతారు. పాఠశాలకు షీల్డు వస్తుంది. పిల్లకు మోకాలి నొప్పి వస్తుంది. షీల్డు ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద ఉంటుంది, నొప్పి పిల్లతోనే ఉంటుంది.

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. పరుగు పందెం పిల్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ఏడాదికి ఒకటి లేక రెండు పెద్ద పోటీలు లక్ష్యంగా పెట్టుకోవాలి. మిగతావి వాటికి మెట్లు కావాలి. మొదటి మూడు నెలలు అడ్డాలు లేని పరుగు, ఒళ్లు గట్టిపడే కసరత్తు. తర్వాత తక్కువ ఎత్తు అడ్డాలతో, దగ్గర దూరంతో మూడు అంగల లయ. ఆ లయ కుదిరిన తర్వాతే అసలు దూరం. హర్డిల్స్ పందేలు ఏడాదికి ఎనిమిదో పదో చాలు. ఒక రోజున హర్డిల్స్ ఉంటే ఇంకొకటే పందెం, అదీ పిల్ల ఒప్పుకుంటేనే.

అడ్డం ఎత్తు విషయంలో కూడా తొందర పనికిరాదు. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకు నిర్ణయించిన ఎత్తు 76.2 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. పెద్దల అడ్డం దానికన్నా మూడు అంగుళాలు ఎక్కువ. "ఇప్పటి నుంచే పెద్ద అడ్డం మీద అలవాటు చేద్దాం" అనే ఉత్సాహవంతులు ఉన్నారు. అలవాటయ్యేది ఎగరడం మాత్రమే. పరుగు చెడుతుంది, తర్వాత దిద్దడం కష్టం. మొక్కై వంగనిది మానై వంగదు.

శరీరం ఎంత గట్టిదైనా గాయం రాదన్న హామీ లేదు. ఆసియా స్వర్ణం గెలిచిన రెండు నెలలకే, 2025 జూలైలో, జ్యోతికి సాధనలో మోకాలి లిగమెంటుకు గాయమైంది. ఆ సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. ఇటువంటి గాయం నుంచి తేరుకోవడానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. 2026 క్యాలెండరులో జూలై ఆఖరున గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు, సెప్టెంబరులో జపానులోని ఐచి, నగోయాలలో ఆసియా క్రీడలు వెంట వెంటనే ఉన్నాయి. ఇటువంటప్పుడు ఏ క్రీడాకారిణికైనా రెండింటికీ పరుగెత్తాలనే ఆశ ఉంటుంది. కాని మోకాలు క్యాలెండరు చూడదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను దృష్టిలో పెట్టుకుంటే ఒక పోటీ వదులుకోవడం నష్టం కాదు. ఆమె వద్ద కోచ్, డాక్టరు, ఫిజియో ఉన్నారు. మన తండా పిల్ల వద్ద ఎవరూ లేరు. అందుకే మనం ఇంకా జాగ్రత్త పడాలి.

దారి ఒకటే కాదు

హర్డిల్స్‌తో మొదలైన పిల్ల హర్డిల్స్‌లోనే ఉండాలని కూడా లేదు. మన తెలంగాణ పిల్ల అగసర నందిని ఇందుకు తార్కాణం. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. తండ్రి టీ అమ్మి సంసారం నడిపాడు. హర్డిల్స్‌లో పేరు తెచ్చుకున్న పిల్ల, ఏడు పందేలు కలిసిన హెప్టాథ్లాన్‌కు మారింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 5,712 పాయింట్లతో కాంస్యం. 2025లో గుమిలో 5,941 పాయింట్లతో ఆసియా స్వర్ణం. ఏడు పందేల్లో మొదటిది హర్డిల్సే. పిల్ల శరీరం ఎటు పెరుగుతున్నదో చూసి దారి మార్చడం కూడా ప్రణాళికలో భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది.

వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. తండ్రి అడిగిన "ఏమొస్తది" అనే ప్రశ్నకు ఇదీ ఒక జవాబే. కాని నిజం చెప్పాలి. ఇది వేలమందిలో ఒకరికి. మిగిలినవారికి దక్కేది ఏమిటి? గురుకులంలో సీటు, కాలేజీలో సీటు, పోలీసు, రైల్వే వంటి శాఖల్లో క్రీడాకారుల కోటా కింద ప్రయత్నించే అర్హత, వ్యాయామ ఉపాధ్యాయ కోర్సు చదివే దారి. వీటికి అన్నింటికీ ముందు ఒకటుంది. పరుగెత్తే పిల్ల బడిలో ఉంటుంది. బడిలో ఉన్న పిల్లకు పదహారేళ్లకు పెళ్లి కాదు. ఒక్క పతకం రాకపోయినా ఈ లాభం ఆ కుటుంబానికి మిగులుతుంది. తండ్రికి చెప్పవలసిన అసలు జవాబు ఇదే.

చేయవలసింది కొంచెమే

నారాయణఖేడ్ వెనుకబడిన ప్రాంతమని మనమే చెప్పుకుంటూ కూర్చుంటే లాభం లేదు. సింథటిక్ ట్రాక్ వచ్చేదాకా ఆగనక్కరలేదు కూడా. డివిజన్ కేంద్రంలో ఒక్క మైదానంలో సరైన కొలతతో, ఎత్తు మార్చుకునే వీలున్న పది హర్డిల్స్, ఒక కొలత టేపు, ఎర్రమట్టి పోసి చదును చేసిన నాలుగు వరుసలు ఉంటే మొదలుపెట్టవచ్చు. రాష్ట్రంలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాల కార్యక్రమం మొదలైంది. మన మండలాల్లో ఆ స్థలాలు ఏ స్థితిలో ఉన్నాయో పంచాయతీలు ఒకసారి చూసుకోవాలి. గడ్డి మొలిచిన చోట గడ్డి పీకాలి, పశువులు కట్టిన చోట పశువులను విప్పాలి.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రతి పిల్లకు ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఎత్తు, బరువు, పరుగెత్తిన కాలం, నొప్పి ఏదైనా ఉంటే నొప్పి రాయండి. రెండేళ్ల తర్వాత ఆ పుస్తకం చూసిన ఏ కోచ్ అయినా పిల్ల భవిష్యత్తు చెప్పగలడు. వయసు ధ్రువపత్రం విషయంలో ఏడాది తగ్గించే పని ఎవరూ చేయవద్దు. తర్వాత పరీక్షలో దొరికితే ఆ పిల్ల బతుకే పోతుంది.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. హకీంపేట క్రీడా పాఠశాలలో చేర్చుకునేది నాలుగో తరగతిలో. పదో తరగతిలో మేలుకుంటే ఆ తలుపు మూసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో చిన్న పిల్లలు చురుకుగా ఉంటే ఆ ఎంపికల ప్రకటన ఎప్పుడు వస్తుందో బడిలో అడిగి పెట్టుకోండి. పెద్ద పిల్లలకు గురుకులాల దారి ఉంది. తిండి విషయంలో ఖరీదైన డబ్బాల పొడులు వద్దు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పల్లీలు, దొరికిన రోజు గుడ్డు, రాత్రి సరిపడా నిద్ర. చెరకు కోతకు వలస పోయే కుటుంబాలు పరుగెత్తే పిల్లను హాస్టల్లో ఉంచి పోగలిగితే అదే వారు పెట్టే పెద్ద పెట్టుబడి.

ఇక ఆ తండా పిల్ల సంగతి. ఆమె ఒలింపిక్స్‌కు పోతుందో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చెప్పేవారిని నమ్మవద్దు. ఆమె పదో తరగతి పాస్ కావాలి. మోకాళ్లు బాగుండాలి. రెండున్నర అడుగుల అడ్డాల మధ్య మూడు అంగల లయ కుదరాలి. వచ్చే ఏడాది ఆమె కాలం ఈ ఏడాది కన్నా తగ్గాలి. ఇప్పటికి ఇంతే లక్ష్యం. ఈ నాలుగూ నెరవేరితే పేరు అప్పుడు పెద్ద అక్షరాలతో రాద్దాం. నెరవేరకపోతే ఆ తప్పు వెదురు కర్ర మీదుగా చెప్పుల్లేని కాళ్లతో పరుగెత్తిన ఆ పిల్లది మాత్రం కాదు.